కావెండిష్ మెట్లు, బ్లెయిర్ ఈకలు

పనిమనిషి ఎదురుపడుతుందేమోనన్న జంకుతో ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ తన ఇంటి వెనుక వేరే మెట్లు కట్టించుకున్నాడు. భోజనానికి ఏం కావాలో చీటీ రాసి బల్లమీద పెట్టేవాడు. 1766లో హైడ్రోజన్ గుణాలను వివరించిందీ, 1798లో భూమి సాంద్రతను లెక్కగట్టిందీ ఈయనే. విద్యుత్తు మీద చేసిన పరిశోధనల్లో చాలా భాగాన్ని అచ్చుకు ఇవ్వనే లేదు. 1879లో మాక్స్‌వెల్ వాటిని వెలికితీశాకే, ఇతరుల పేర్లతో ప్రసిద్ధికెక్కిన సూత్రాలను ఆయన ఎంత ముందే పట్టుకున్నాడో తెలిసింది.

1851లో వెలువడిన ఆయన జీవితచరిత్రలో ఇలాంటి సంగతులు బోలెడు. వాటిని చదివిన నాడీవైద్యుడు ఆలివర్ శాక్స్, ఆయనది ఆస్పర్జర్ సిండ్రోమ్ (నలుగురితో కలవడం కష్టమై, ఒకే తీరు అలవాట్లను అంటిపెట్టుకునే ఆటిజంలో ఒక రకం) అనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయని 2001లో రాశాడు. న్యూటన్, ఐన్‌స్టీన్‌ల మాటకొస్తే మాత్రం ఆధారాలు పలుచనివేనన్నాడు. అయినా ఆటిజం ఉన్న మేధావులంటూ మనం నిత్యం వినేది ఆ రెండు పేర్లే!

ఆటిజాన్ని బాల్టిమోర్‌లో లియో కానర్ 1943లో, వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ 1944లో వర్ణించారు. వాళ్లకంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందే మాస్కోలో మనోవైద్యురాలు గ్రూన్యా సుఖరేవా అలాంటి పిల్లల గురించి రాసింది. ఆమెను లోకం చాలాకాలం పట్టించుకోకపోవడం అన్యాయం. 1981లో బ్రిటిష్ మనోవైద్యురాలు లోర్నా వింగ్ వాడుకలోకి తెచ్చిన ఆస్పర్జర్ పేరును అమెరికా వైద్యులు 2013లో తమ వర్గీకరణ నుంచి తీసేసి, ఆటిజంలోనే కలిపేశారు.

నా మటుకు నాకు, ఈ చరిత్రలో అందరికంటే ముందు చెప్పుకోవలసిన మనిషి ఏ మేధావీ కాదు, స్కాట్లండ్ భూస్వామి హ్యూ బ్లెయిర్. అతనికి బుద్ధి చాలదు కాబట్టి పెళ్లి చెల్లదంటూ సొంత తమ్ముడే కోర్టుకెక్కాడు. 1747లో ఎడిన్‌బరోలో విచారణ జరిగింది. 29 మంది సాక్ష్యం చెప్పారు. ఈకలు, పుల్లలు ఏరి దాచుకునేవాడట. చర్చిలో ఎప్పుడూ ఒకే చోట కూర్చునేవాడట. చనిపోయింది ఎవరైనా సరే, అంత్యక్రియలకు వెళ్లేవాడట. పొగడాలనో, కథ కట్టాలనో చెప్పిన మాటలు కావివి. రోజూ చూసిన ఇరుగుపొరుగు ప్రమాణం చేసి చెప్పినవి. అందుకే ఆటిజం పరిశోధకురాలు ఉటా ఫ్రిత్, చరిత్రకారుడు రాబ్ హ్యూస్టన్ అతనిది ఆటిజమేనంటూ 2000లో ఒక పుస్తకమే రాయగలిగారు.

న్యాయమూర్తులు బ్లెయిర్‌ను కాగితం మీద ప్రశ్నలడిగారు. అతను జవాబులు రాయలేదు. ఆ ప్రశ్నలనే మళ్లీ రాసి ఇచ్చాడు. పెళ్లి రద్దయింది.