దొరువు నీళ్లు ఉప్పెక్కిన కథ

నెల్లూరు తీరం ఇసుకలో కాస్త లోతు తవ్వితే నీళ్లూరతాయి. ఆ గుంతే దొరువు. ఇసుక గట్టు దిగి, కడవతో ముంచుకొచ్చి నారుమళ్లకూ వేరుశనగకూ పోసేవాళ్లు. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అవి తియ్యటి నీళ్లే. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే, కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. పైన ఆ ఒక్క అడుగూ తోడేస్తే కిందినుంచి ఉప్పు 40 అడుగులు ఎక్కొస్తుంది. ఈ తీరంలో రొయ్యల సాగు గురించి ఏం మాట్లాడినా ముందు ఈ లెక్క గుర్తుండాలి.

1990ల మొదట్లో టైగర్ రొయ్యకు విదేశాల్లో మంచి ధర పలికింది. కండలేరు క్రీకు (సముద్రపు పాయ) వెంబడి, అల్లూరు, విడవలూరు వైపు వరి కయ్యలు రొయ్యల గుంటలయ్యాయి. గుంటలో నిలవపెట్టిన ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క కయ్యలోకి ఊటగా దిగుతుంది. ముందు గట్టువారన పైరు పసుపెక్కుతుంది. కోత తర్వాత చూస్తే నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. ఆ పక్క కయ్య రైతు ఇంటి బావినీళ్లలో కందిపప్పు ఉడకదు. గుంటకు పొలం కౌలుకిచ్చినాయనకు డబ్బులొచ్చాయి, నిజమే. పక్క కయ్య రైతుకు ఏమొచ్చింది?

గాంధేయవాది ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టుకెళ్లింది ఇలాంటి గోడు మీదే. అప్పటికే తీరం నుంచి 500 మీటర్ల మేర ఆంక్షలు పెట్టిన 1991 నాటి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్, అంటే తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ఉంది. 1996 డిసెంబరు 11న కోర్టు తీర్పు చెప్పింది. ఆ పరిధిలోని ఆధునిక రొయ్యల గుంటలను 1997 మార్చి 31 లోగా తీసేయాలి, సాగుభూమిని గుంటలుగా మార్చకూడదు, పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపు గుంటలుండకూడదు. తీర్పు వచ్చేనాటికే రొయ్యలను చంపే వైట్ స్పాట్ వైరస్ ఎంతోమంది రైతులను ముంచేసింది. చివరికి 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం రొయ్యల సాగుకు సీఆర్‌జెడ్ నుంచి మినహాయింపు ఇచ్చేసింది. ఈ కథంతటిలో నన్ను ఎక్కువ బాధపెట్టే మలుపు ఇదే.

అదే కాలంలో వాణిజ్య వేదికల మీద వేరే గొడవ నడిచింది. వలల్లో తాబేళ్లు చస్తున్నాయంటూ సముద్రంలో పట్టిన రొయ్యలపై అమెరికా నిషేధం పెట్టింది. మన దేశంతో పాటు మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ డబ్ల్యూటీవోకి (ప్రపంచ వాణిజ్య సంస్థకి) వెళ్లాయి. నిషేధాన్ని అమలు చేసిన తీరు వివక్షేనని 1998లో తేలింది. అయితే ప్రకృతి రక్షణ కోసం వాణిజ్యానికి షరతులు పెట్టొచ్చన్న సూత్రం మాత్రం నిలబడింది. మన తీరానికీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, వాటి పట్ల ఆ శ్రద్ధ అవసరమే. తర్వాత రొయ్యల్లో యాంటీబయాటిక్ పరీక్షలు, మరీ చౌకగా అమ్ముతున్నారంటూ 2005లో అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వచ్చాయి. రొయ్య పెరిగిన ఊళ్లో తాగునీళ్లు ఎలా ఉన్నాయని మాత్రం సరిహద్దు తనిఖీల్లో ఎవరూ అడగలేదు.

2009లో వనామి అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చింది. ఉప్పు తక్కువున్న నీళ్లలోనూ పెరిగే రకం కావడంతో గుంటలు క్రీకు వదిలి లోపలికి జరిగాయి, వాటి వెంట బోర్లూ వచ్చాయి. భూగర్భజలాల కోసం 2002లోనే వాల్టా చట్టం చేసుకున్నాం. అది కాగితం దాటి గుంట గట్టు దాకా వచ్చింది తక్కువే.

వాన తీరు కూడా మారుతోంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చింది, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. నెల వాన రెండు రోజుల్లో కురిస్తే ఇసుకలోకి ఇంకేదెంత? ఎక్కువ భాగం సముద్రం పాలే. పెరుగుతున్న సముద్రమట్టం అవతలి నుంచి ఉప్పునీటిని లోపలికి తోస్తోంది.

2025 ఆగస్టులో మన రొయ్యలపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు నెల్లూరు, ప్రకాశం రైతులు పడ్డ టెన్షన్ అందరికీ తెలిసిందే. వాళ్లకు సాయం అందాలి. ఆ సాయంతో పాటే ఒక పని మొదలుపెట్టొచ్చు. గుంటల రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు కదా, ఆ ఫైలులో చుట్టుపక్కల బావులు, దొరువుల నీటిలో ఉప్పు ఎంతుందో కొలిచిన కాగితం కూడా ఉండాలి, ఐదేళ్ల కిందటి కొలత పక్కనే.