మూత మూసిన సంగతి ల్యాప్‌టాప్‌కి ఎవరు చెబుతారు?

విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. "మూత వేయగానే బిల్లు సేవ్ అయి లాక్ పడిపోవాలండీ" అని చాలామంది అడుగుతారు. వినడానికి చిన్న పనే.

అపోహ: కెమెరాకి చీకటైతేనో, స్క్రీన్ ఆరితేనో మూత పడిందని తెలుస్తుంది.

వాస్తవం: చాలా మోడళ్లలో మూతలో చిన్న అయస్కాంతం, కింది భాగంలో హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేది) ఉంటాయి. పాతవాటిలో నొక్కుడు బటన్ ఉండేది. సెన్సర్ కబురు ఎంబెడెడ్ కంట్రోలర్‌కి (కీబోర్డు, బ్యాటరీ లాంటివి చూసుకునే చిన్న చిప్), అక్కడి నుంచి ఏసీపీఐ (హార్డ్‌వేర్ సంగతులు ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పే పద్ధతి) దారిలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి చేరుతుంది. స్క్రీన్ అంటారా, కాసేపు ముట్టుకోకపోయినా ఆరుతుంది.

అపోహ: సిస్టమ్ 'మూసి ఉంది' అంటే మూసి ఉన్నట్టే.

వాస్తవం: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి నా మీద గట్టిగానే కోప్పడ్డారు. మూత తెరిచి ఉండగానే లాక్ పడిపోతోందట. టెన్షన్‌గా వెళ్లి చూస్తే, బల్ల మీద చోటు లేక, మూసిన పాత ల్యాప్‌టాప్ మీదే కొత్తది పెట్టుకున్నారు. కిందదాని మూతలోని అయస్కాంతం పైదాని సెన్సర్‌ని పట్టేస్తోంది. పక్కకి జరిపాను, అంతే. ఆ పనికి డబ్బులడగడానికి నోరు రాలేదు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ కూడా ఇదే పని చేయగలదు.

అపోహ: తెరిస్తే 'తెరిచారు' అనే కబురు తప్పకుండా వస్తుంది.

వాస్తవం: రాకపోవచ్చు. కొన్ని మెషీన్ల ఏసీపీఐ కోడ్‌లో లోపం ఉంటుంది. మూసినప్పుడు చెబుతుంది, తెరిచినప్పుడు చెప్పదు. నిద్ర లేచాక కూడా 'మూసే ఉంది' అంటుంది. విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఉంది కదా, దాని కెర్నెల్ (గుండెకాయ లాంటి భాగం) డాక్యుమెంట్లలోనే ఈ సంగతి రాసి ఉంది. అందుకే నేను ఆ కబురు కోసం కాచుకోను. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు మీద ఒక కీ పడిందా, మూత తెరిచే ఉందని లెక్క.

విండోస్‌లో ఇంకో తిరకాసు. మూత స్విచ్ కనబడి, దాని స్థితి తెలిసేదాకా అసలు కబురే రాదు. కబురు లేదు కదా అని మూసి ఉందనుకోకూడదు. అది డెస్క్‌టాప్ కూడా కావచ్చు. పైగా విండోస్‌లో 0 అంటే మూసినట్టు, లినక్స్ ఇన్‌పుట్ స్విచ్‌లో 1 అంటే మూసినట్టు. ఈ తిరగమరగకి నా రాత్రి నిద్ర ఒకటి పోయింది.

అపోహ: మూత పడితే నిద్రే.

వాస్తవం: అది సెట్టింగ్‌ని బట్టి. సిస్టమ్‌డీ (వెనకాల సర్వీసులన్నీ నడిపే ప్రోగ్రామ్) ఉన్న లినక్స్‌లో మామూలుగా నిద్రపోతుంది, బయటి మానిటర్ తగిలించి ఉంటే మాత్రం పట్టించుకోదు.

సెన్సర్ ఎక్కడుందో వెతకడానికి నా బ్యాగులో ఫ్రిజ్ తలుపుకి అంటించే అయస్కాంతం ఒకటి ఉంటుంది. మణికట్టు ఆనే చోట మెల్లగా జరుపుతూ పోతే ఒకచోట స్క్రీన్ టప్పున ఆరుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్ల మీద మాత్రం పెద్ద అయస్కాంతాలు తిప్పకండి.