దుగరాజపట్నం: నీళ్ళ కింది గోడ

కొరియాలో చదువుకుంటున్న మా అన్న కూతురు పోయిన నెల జేజు దీవి నుంచి ఒక వీడియో పంపింది. నల్లటి లావా రాళ్ళు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయిన గోడ. సందుల్లోంచి అవతలి సముద్రం మెరుస్తోంది. "మన నెల్లూరు తీరంలో ఇట్లాంటిది ఒక్కటీ లేదా చిన్నాయనా?" అని అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని, ఇలా రాస్తున్నాను.

ముందు ఆ గోడ కథ. కొరియా రాజు మంగోలులకు లొంగిపోతే, మేం లొంగమని సాంబ్యోల్‌చో అనే సైన్యం తిరగబడింది. వాళ్ళు జేజులో దిగకుండా రాజు మనుషులు 1270లో ఆ గోడ మొదలుపెట్టారు. తీరా దీవి తిరుగుబాటుదార్లకే చిక్కింది. 1273లో ఓడిపోయేదాకా వాళ్ళకూ అదే గోడ అండ. ఆ తర్వాత జపాను సముద్రపు దొంగలకు అడ్డుగా పనికొచ్చింది. 1845లో ఇంగ్లీషు ఓడ ఒకటి దాపులకు వచ్చేసరికి దీవి జనం మళ్ళీ రాళ్ళెత్తి బాగుచేసుకున్నారు. ఒకప్పుడు సుమారు 120 కిలోమీటర్లు ఉండేదంటారు. మిగిలిన ముక్కలను ఇప్పుడు కాపాడుకుంటున్నారు.

ఆ గోడకు 26 ఏళ్ళ ముందు, 1244 ప్రాంతంలో, మన తీరంలోనూ ఒక రాయి నిలబెట్టారు. అది సముద్రం మీద వచ్చేవాళ్ళను రమ్మని పిలిచిన రాయి. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. (ఆ ఊరు 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల.) తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా వెనకటి రాజులు లాగేసుకునేవాళ్ళు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం దాటి వచ్చిన వర్తకుల దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక నెల్లూరు తీరం. (దుగరాజపట్నం ఉన్న వాకాడు మండలం 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది.) ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. అక్కడ డచ్చివాళ్ళ పోటీ, గోల్కొండ అధికారుల పోరు. దక్షిణాన పులికాట్‌కు పోదామంటే 1613 నుంచే అక్కడ డచ్చి కోట. ఆ రెంటికీ నడుమ, పులికాట్ సరస్సుకు ఉత్తరాన, 1626 ప్రాంతంలో దుగరాజపట్నంలో దిగారు. సాయం చేసిన ఆరుముగ మొదలియారు పేరు మీదనే ఆ చోటును ఆర్మగాన్ అన్నారని చెబుతారు. 1628 నాటికి అక్కడ 12 ఫిరంగులు, కాపలాకు గుమాస్తాలూ సిపాయిలూ కలిపి 23 మంది. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ళు ఫిరంగులు పెట్టుకుని కూర్చున్న మొదటి తావు ఇదే.

ఇక్కడే ఎందుకు? జవాబు ఒడ్డు మీద లేదు, నీళ్ళ కింద ఉంది. ఊరికి ఎదురుగా సముద్రంలో పొడుగాటి ఇసుక దిబ్బ ఒకటుంది. నావికుల పటాల్లో దాని పేరు ఆర్మగాన్ షోల్. బయటి అలల జోరు అక్కడ విరుగుతుంది, లోపల ఓడకు నీడ దొరుకుతుంది. జేజు వాళ్ళు రాయి మోసి కట్టుకున్నది ఇక్కడ సముద్రమే ఇసుకతో కట్టింది. రాష్ట్ర విభజన చట్టం 2014లో దుగరాజపట్నంలో పెద్ద రేవు కట్టాలని, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలని రాసుకుంది. రేవు కాలేదు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, వెనక పులికాట్ పక్షులు, లాభసాటి కాదన్న లెక్కలు అడ్డుపడ్డాయి. రేవు మాట లేచినప్పుడల్లా "ఆ మూల ఊళ్ళో ఏముందని?" అనేవాళ్ళకు చెప్పాల్సింది ఆ దిబ్బ సంగతే.

ఇంగ్లీషువాళ్ళు కూడా ఇక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. ఓడకు నీడ ఉంటే సరిపోదు, ఎగుమతికి బట్ట కావాలి. ఆర్మగాన్‌లో కంపెనీ కొట్టుకు పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణంగా వెళ్ళి, మద్రాసపట్నంలో బట్ట 20 శాతం చౌక అని తేల్చుకుని, ఆ చోటును ఏలుతున్న దామెర్ల నాయకుల దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. 1640లో కొట్టు అక్కడికి తరలిపోయింది. సెయింట్ జార్జి కోట అలా లేచింది. చెన్నై పుట్టుకకు దారి మన వాకాడు మండలం నుంచి పడిందని మా పిల్లలకు ఏ బడీ చెప్పలేదు.

నిరుడు గూడూరు నుంచి కోట, వాకాడు మీదుగా వెళ్ళి చూశాను. సరుగుడు చెట్లు, ఇసుక, ఒడ్డుకు లాగిన ఫైబర్ పడవలు. నాకు ఇంగ్లీషువాళ్ళ కోట గోడ గానీ, ఇక్కడ ఉండేదని చెప్పే బోర్డు గానీ కనిపించలేదు. నీలం వల ఒళ్ళో వేసుకుని, చిరిగిన కన్నులు బొటనవేలికి తగిలించి కుట్టుకుంటున్న పెద్దాయనను అడిగాను. కోట గురించి ఆయనకు తెలియదు. దిబ్బ గురించి అడగ్గానే సూది ఆపి సముద్రం వైపు చూపించాడు. "ఆ దిబ్బ లోపలైతే నీళ్ళు నెమ్మది సార్. గాలి లేస్తే మేం ఆడికే వస్తాం."

సంక్రాంతికి అమ్మాయి వస్తోంది. గోడ లేకపోయినా తీసుకెళతాను. ఆలోపు 1626 అనీ, 12 ఫిరంగులనీ, దిబ్బ ఎటువైపుందో బాణం గుర్తుతో ఒక్క బోర్డు పెట్టించమని పంచాయతీకి అర్జీ రాసి ఉంచాను.