అపోహలు – వాస్తవాలు: వీఆర్ హెడ్‌సెట్ కొనే ముందు మీ కన్సోల్ ఏదో చూసుకోండి

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు కాస్త అవతల మాది గేమ్ కన్సోళ్ల రిపేరు షాపు. హెచ్‌డీఎంఐ పోర్టు ఊడినా, ఫ్యాన్ గోల పెట్టినా, కంట్రోలర్ స్టిక్ ముట్టుకోకుండానే పక్కకు జరుగుతున్నా మా దగ్గరికి తెస్తారు. కొంతకాలంగా వీటితో పాటు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు, అంటే కళ్లకు పెట్టుకుంటే ఆట లోపలే ఉన్నట్టు చూపించేవి, కూడా కౌంటరు మీదికి వస్తున్నాయి. చెడిపోయినవి కావు, అప్పుడే కొన్నవి. "అన్నా, దీన్ని మా ఎక్స్‌బాక్స్‌కి జర సెట్ చేసియ్యి" అంటారు. దానికి పడదు తమ్మీ అంటే నమ్మరు. "సెట్టింగ్స్‌ల ఏదో ఆన్ చేస్తే వస్తదట గదనే, యూట్యూబ్‌ల చూసిన" అని నాకే చెబుతారు. రోజూ ఇదే పంచాయితీ. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా, ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తా.

అపోహ: హెడ్‌సెట్ ఏదైనా కన్సోల్‌కు పడుతుంది. ఇవాళ పడకపోయినా రేపోమాపో అప్‌డేట్ వస్తుంది.

వాస్తవం: పడదు. ఆ అప్‌డేట్ కోసం ఎదురుచూసి డబ్బు పెట్టకండి. జనం ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతా.

ముందు లెక్క తేల్చేద్దాం. ఈ తరం కన్సోళ్లలో సొంత వీఆర్ హెడ్‌సెట్ ఉన్నది సోనీ వాళ్ల పీఎస్5కి (ప్లేస్టేషన్ 5) మాత్రమే. దాని పేరు పీఎస్ వీఆర్2. పీఎస్4కి పాత పీఎస్ వీఆర్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్‌కి ఏదీ లేదు. వన్‌కి లేదు, సిరీస్ ఎస్‌కి లేదు, సిరీస్ ఎక్స్‌కీ లేదు. పీఎస్ వీఆర్2 పీఎస్4కి పడదు. మెటా క్వెస్ట్ (కన్సోల్ లేకుండా సొంతంగా నడిచే హెడ్‌సెట్) ఈ రెండు కంపెనీల కన్సోళ్లలో దేనికీ వీఆర్ హెడ్‌సెట్‌గా పనిచేయదు.

"వైరు దూరుతుంది కదా" అంటారు. వైరు దూరితే సరిపోదు. హెడ్‌సెట్ పనిచేయాలంటే కన్సోల్ రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మ గీసి పంపాలి, మన తల ఎటు తిరిగిందో హెడ్‌సెట్ చెబితే ఆ క్షణంలోనే అర్థం చేసుకోవాలి, దానికి తగ్గట్టు బొమ్మ మార్చాలి. ఇదంతా కన్సోల్ సిస్టం సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని. ఆ సాఫ్ట్‌వేర్ తాళం కంపెనీ చేతిలోనే ఉంటుంది. పీసీలోలాగా ఎవరో రాసిన డ్రైవర్ (పరికరాన్ని నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) తెచ్చి ఎక్కించుకునే వీలు లేదు. పైగా ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలో ఉన్నవన్నీ పాత ఆకారం యూఎస్‌బీ పోర్టులే. వాటిలోంచి బొమ్మ బయటికి రాదు, బొమ్మ వచ్చేది హెచ్‌డీఎంఐ నుంచే. క్వెస్ట్‌కేమో హెచ్‌డీఎంఐ లోపలికి పెట్టే చోటే లేదు. నేను సెట్టింగ్స్‌లో ఏం ఆన్ చేయాలి చెప్పండి?

ఇక్కడే ఇంకో మాయ ఉంది. కొందరు అమ్మేవాళ్లు నిజంగానే ఎక్స్‌బాక్స్ ఆటను క్వెస్ట్‌లో చూపిస్తారు. మధ్యలో ఒక క్యాప్చర్ కార్డు (హెచ్‌డీఎంఐ బొమ్మను లోపలికి తీసుకునే పరికరం) పెడతారు, లేకపోతే ఆటను ఇంటర్నెట్ మీంచి నడిపే క్లౌడ్ గేమింగ్ యాప్ తెరుస్తారు. కళ్లముందు ఇంత పెద్ద తెర మీద కారు పరుగెడుతుంటే కొనేవాడికి ఒళ్లు పులకరిస్తుంది. అది వీఆర్ కాదు, గాలిలో వేలాడుతున్న టీవీ. తేల్చుకోవడం చాలా సులువు. చేతులు కంట్రోలర్ మీంచి తీసేసి తల మాత్రం కుడికి తిప్పండి. ఆటలోని చూపు కూడా కుడికి తిరిగి కారు అద్దం, పక్క సీటు కనబడితే వీఆర్. తెర ఉన్నచోటే ఉండి మీరు గది గోడను చూస్తుంటే టీవీ. డబ్బులిచ్చే ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి.

ఇక "రేపోమాపో వస్తుంది" అనే ఆశ సంగతి. ఈ ఆశ మొదలైంది మైక్రోసాఫ్ట్ మాటల వల్లే, జనాన్ని తప్పుపట్టలేం. 2016 జూన్‌లో ప్రాజెక్ట్ స్కార్పియో అని కొత్త కన్సోల్ ప్రకటించినప్పుడు వీఆర్ ఆడుతుందని వాళ్లే స్టేజీ మీద చెప్పారు. అది 2017 నవంబరులో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ పేరుతో వచ్చింది, వీఆర్ లేకుండా. 2018లో, ఎక్స్‌బాక్స్ కోసం వీఆర్ ఆలోచనేదీ లేదని తేల్చేశారు. 2019 చివర్లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్, మా కస్టమర్లు వీఆర్ అడగడం లేదని అన్నాడు. 2020 నవంబరులో సిరీస్ ఎక్స్, ఎస్ కూడా అలాగే వచ్చాయి. 2021లో ఇటలీలో కొందరికి "వీఆర్ హెడ్‌సెట్‌కు అప్‌డేట్ ఉంది" అని ఎక్స్‌బాక్స్ తెర మీద మెసేజ్ కనబడింది. ఇంకేముంది, వచ్చేస్తోందని ఊరూవాడా ఒకటే హడావిడి. తీరా చూస్తే మామూలు ఆడియో హెడ్‌సెట్ మెసేజ్‌ను ఇటాలియన్‌లోకి మార్చడంలో జరిగిన పొరపాటు అది. ఆ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ ఫార్వర్డ్ అయి మా షాపుకు వస్తుంటుంది! విండోస్ పీసీలలో వీఆర్ హెడ్‌సెట్లు నడపడానికి తెచ్చిన మిక్స్‌డ్ రియాలిటీని కూడా 2023 డిసెంబరులో పక్కన పెడుతున్నామని మైక్రోసాఫ్టే ప్రకటించింది. సొంత ఇంట్లో ఉన్నదాన్నే వదిలేసినవాళ్లు మీ సిరీస్ ఎస్ కోసం కొత్తగా తెస్తారా?

మరి సోనీ తెచ్చింది కదా అంటారు. తెచ్చింది, ఆ కథ కూడా వినండి. పీఎస్ వీఆర్ 2016 అక్టోబరులో 399 డాలర్లకు వచ్చింది. 2019 చివరికి 50 లక్షలు అమ్ముడయ్యాయి. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ అప్పటికే జనం దగ్గర 10 కోట్లకు పైగా పీఎస్4లు ఉన్నాయి. అంటే నూటికి ఐదుగురు కూడా కొనలేదు. ఆట తయారుచేసే కంపెనీ నూరుమంది కోసం చేస్తుందా, ఐదుగురి కోసమా? కన్సోల్ కంపెనీలు యంత్రం మీద పెద్దగా మిగుల్చుకోవు, ఆటల అమ్మకం మీదే బతుకుతాయి. కొనేవాళ్లు లేరని ఆటలు రావు, ఆటలు లేవని కొనేవాళ్లు రారు.

పీఎస్ వీఆర్2 2023 ఫిబ్రవరిలో 549.99 డాలర్లకు వచ్చింది. వస్తువు మాత్రం బంగారం. ఒక్కో కంటికి 2000 బై 2040 పిక్సెళ్ల ఓఎల్ఈడీ తెర, కంటి చూపు ఎటు పోతే అటు పసిగట్టే సెన్సర్లు, ముందు పోర్టుకు ఒకే ఒక్క కేబుల్. రిపేరు చేసేవాడిగా దాని పనితనానికి దండం పెడతా. మన దేశంలోకి ఆ ఏడాది డిసెంబరులో 57,999 రూపాయలకు దిగింది, అప్పట్లో డిస్క్ పెట్టే పీఎస్5 కంటే కూడా ఎక్కువ ధర. దాన్ని చూసి మా దగ్గర మాట్లాడినవాళ్లలో సగంమంది అక్కడే ఆగిపోయారు. 2024లో సోనీ తన లండన్ స్టూడియోను మూసేస్తున్నట్టు చెప్పింది, వీఆర్ ఆటలు చేసిన స్టూడియో అది. పాత పీఎస్ వీఆర్‌లో అందరూ మెచ్చుకున్న ఆట ఆస్ట్రో బాట్ రెస్క్యూ మిషన్. అదే టీం 2024లో తెచ్చిన కొత్త ఆస్ట్రో బాట్‌లో వీఆర్ లేనే లేదు. సోనీ మనసు ఎటుందో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2025 మార్చిలో హెడ్‌సెట్ ధర 399.99 డాలర్లకు దించారు. కొనేవాళ్లకు అది మంచిదే. కానీ దాన్ని చూసి "ఇక అన్ని కన్సోళ్లూ వీఆర్‌లోకి వస్తాయి" అనుకుంటే పొరపాటు.

నింటెండోది ఇంకో దారి. 1995లో వర్చువల్ బాయ్ అని తెచ్చి, ఎర్ర రంగు తప్ప ఇంకో రంగు లేని ఆ యంత్రాన్ని ఏడాది తిరగకముందే ఆపేసింది. 2019లో స్విచ్ కోసం అట్టతో మడిచే లాబో వీఆర్ కిట్ ఇచ్చింది. పిల్లలకు సరదా, అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్నామధ్య నకిరేకల్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తువ్వాలలో చుట్టి తెచ్చిన హెడ్‌సెట్ కౌంటరు మీద పెట్టి, "తమ్మీ, పోరడు ఇంటర్‌ల మంచి మార్కులు తెచ్చిండు, మాట ఇచ్చిన, కొనిచ్చిన. ఇప్పుడేమో నడుస్తలేదంటుండు. గిది ఖరాబైందా?" అన్నాడు. విప్పి చూస్తే సెకండ్ హ్యాండ్ పాత పీఎస్ వీఆర్. హెడ్‌సెట్ బాగానే ఉంది. కానీ దానికీ కన్సోల్‌కూ మధ్య ఉండాల్సిన నల్ల డబ్బా, అంటే ప్రాసెసర్ యూనిట్, లేదు. కెమెరా లేదు. ఇంట్లో ఉన్నదేమో పీఎస్5. పీఎస్5కి పెట్టాలంటే ఆ డబ్బా కావాలి, పీఎస్4 కెమెరా కావాలి, ఆ కెమెరాకు సోనీ అడాప్టర్ కావాలి. పీఎస్5 కెమెరా దీనికి పనిచేయదు. ఇవన్నీ కొంటే అయ్యే ఖర్చు విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదట. నేను ఆయన కొడుకుతో ఫోన్‌లో మాట్లాడి, తప్పు మీ నాయనది కాదురా, అమ్మినోడిది అని చెప్పా. ఇలాంటివాళ్లను చూస్తే బాధేస్తుంది. పిల్లాడి కోసం ఆశగా కొంటారు, ఏది అడగాలో తెలియదు.

వీఆర్ పార్లర్ పెడతామని చిట్టీ ఎత్తి వచ్చే తమ్ముళ్లకూ ఇదే మాట. రెండు సిరీస్ ఎస్‌లు ఉన్నాయి కదా, నాలుగు హెడ్‌సెట్లు కొంటే చాలు అనుకుంటారు. ఆ సిరీస్ ఎస్‌లు ఫుట్‌బాల్ ఆడించడానికి ఉంచుకోండి. వీఆర్ కావాలంటే దానికి లెక్క వేరు, పీఎస్5తో వేసుకోవాలి, లేదా కన్సోలే అక్కర్లేని హెడ్‌సెట్‌తో వేసుకోవాలి.

అపోహ: పీఎస్ వీఆర్2 కొంటే పాత పీఎస్ వీఆర్ డిస్కులు నడుస్తాయి.

నడవవు. కొన్ని ఆటలకు తయారీదార్లు కొత్త వెర్షన్ ఇచ్చారు, అవి మాత్రమే ఆడుతాయి. పాత డిస్కులు చవగ్గా వస్తున్నాయని ముందే కొనేయకండి.

అపోహ: పీఎస్ వీఆర్2 పీసీకి పడనే పడదు.

2024 ఆగస్టు నుంచి సోనీ అడాప్టర్ ఉంది. గ్రాఫిక్స్ కార్డు మంచిది ఉండాలి, డిస్‌ప్లేపోర్ట్ (హెచ్‌డీఎంఐ లాగా బొమ్మ పంపే ఇంకో రకం పోర్టు) ఉండాలి, బ్లూటూత్ ఉండాలి. కంటి చూపు పసిగట్టడం లాంటివి పీసీలో పనిచేయవు. మిగతాదంతా బాగుంటుంది.

అపోహ: ఫోన్ లోపల పెట్టి కళ్లకు కట్టుకునే ఐదువందల రూపాయల బాక్సూ అదే పని చేస్తుంది.

చేయదు. వదిలేయండి.

అపోహ: తల తిరిగితే ఆ మనిషికి ఏదో రోగం ఉన్నట్టే.

రోగం కాదు. కన్నేమో కదులుతున్నామంటుంది, చెవిలోని బ్యాలెన్స్ చూసే భాగమేమో కూర్చునే ఉన్నామంటుంది. ఆ గొడవకే వాంతి వచ్చినట్టుంటుంది. మొదట కూర్చుని ఆడేవి, కదలిక తక్కువున్నవి ఆడండి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. కాస్త తేడా అనిపించగానే తీసేయండి, ఓర్చుకుంటే అలవాటవుతుందని మొండికేయకండి. తీసిన వెంటనే బండి నడపకండి. చిన్నపిల్లల తల్లిదండ్రులు మరీ టెన్షన్ పడతారు కాబట్టి ఇదొక్కటి గుర్తుంచుకోండి: సోనీ హెడ్‌సెట్లు 12 ఏళ్లు నిండినవాళ్లకే అని కంపెనీయే చెబుతోంది. అంతకంటే చిన్నవాళ్లకు పెట్టకండి.

అపోహ: చెమట వాసన వస్తే కాసేపు ఎండలో పెడితే సరిపోతుంది.

ఇది చదివినవాళ్లు ఇంట్లో అందరికీ చెప్పండి. మన ఎండల్లో గంట ఆడితే హెడ్‌సెట్ లోపలి దిండు తడిసిపోతుంది, నిజమే. అమ్మలు దాన్ని వడియాల పక్కన పిట్టగోడ మీద పెడతారు, లెన్సులు పైకి ఉండేట్టు. భూతద్దంతో కాగితం కాల్చిన చిన్నప్పటి ఆట గుర్తుందా? ఆ రెండు లెన్సులూ ఎండను కూడగట్టి లోపలి తెర మీద అదే చేస్తాయి. దీనికి మే నెలే అక్కర్లేదు, చలికాలం పొద్దుటి ఎండ కిటికీలోంచి పడినా చాలు, గంటలు కూడా అవసరం లేదు. అలా వచ్చినదాన్ని ఆన్ చేసి తెల్ల తెర పెడితే మధ్యలో మచ్చో, వంకరగా కాలిన గీతో కనబడుతుంది. గీత ఎందుకంటే, సూర్యుడు జరిగినకొద్దీ కాలిన చోటూ జరుగుతుంది. ఆ తెర మాకు విడిగా దొరకదు. "రిపేర్ అయితదా అన్నా" అని అడిగితే తల అడ్డంగా ఊపడం తప్ప చేసేదేమీ లేదు. ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. లెన్సును పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. స్పిరిట్, శానిటైజర్, కొళాయి నీళ్లు వద్దు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా ఈ తెల్ల తెర పరీక్షే చేయండి, రెండు కళ్లతో విడివిడిగా చూడండి. పీఎస్ వీఆర్2 అయితే దానితో వచ్చే, చేతుల్లో పట్టుకునే రెండు సెన్స్ కంట్రోలర్లూ ఉన్నాయా, ఛార్జింగ్ ఎక్కుతున్నాయా అని చూసుకోండి. కేబుల్‌ను హెడ్‌సెట్ దగ్గర అటూఇటూ మెల్లగా కదిపి బొమ్మ తెగుతోందేమో గమనించండి. పాత పీఎస్ వీఆర్ అయితే ఆ నల్ల డబ్బా లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. అనుమానముంటే మీ కన్సోల్ వెనక స్టిక్కర్, హెడ్‌సెట్ అడుగు స్టిక్కర్ ఫొటోలు తీసి, కొనకముందే షాపుకు రండి. చూసి చెప్పడానికి నేను డబ్బులు తీసుకోను.