శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: కిలోమీటర్ల లెక్క వేరు, గంటల లెక్క వేరు

గ్లోబు మీద శంషాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి దారం బిగించి పట్టుకుంటే దాదాపు 13,500 కిలోమీటర్లు వస్తుంది, ఆ దారం నేపాల్, టిబెట్, చైనా, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ అంచు దాకా ఎక్కి అటు అమెరికా వైపు దిగుతుంది. చూడ్డానికి బానే ఉంది కానీ ఆ గీత మీద విమానం పోదు. టిబెట్ మీద ఎగురుతుండగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ గబగబా ఊపిరాడే ఎత్తుకి, అంటే పదివేల అడుగులకి దించాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తులో ఉంటుంది, ఇంకెక్కడికి దించుతాడు? అందుకే పడమరకో తూర్పుకో తప్పుకుని పోతారు. మనోళ్లు చాలామంది దుబాయ్‌లో మారతారు కదా, ఆ లెక్కన 2,500 ప్లస్ 13,000, అంటే రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ, పైగా ఎయిర్‌పోర్టులో కూర్చునే గంటలు అదనం.

అసలు తమాషా అంతా గాలిది. పైన జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి గంటకి వందల కిలోమీటర్ల స్పీడుతో వీస్తుంటుంది. 1920ల్లోనే జపాన్‌లో ఊయిషి అనే ఆయన బెలూన్లు వదిలి దీన్ని కనిపెట్టాడు, 1926లో ఆ రిపోర్టుని ఎస్పెరాంటో అనే, అన్ని దేశాలవాళ్ల కోసం తయారుచేసిన భాషలో రాశాడు, ప్రపంచం మొత్తానికి అర్థమవ్వాలని రాస్తే ఎవరూ చదవలేదు పాపం!

ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా పోయేది, 13,900 కిలోమీటర్లు, గాలి ఎదురు. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ వైపు తిప్పారు, దూరం 15,300కి పెరిగింది, టైమ్ మాత్రం పద్నాలుగున్నర గంటలకి వచ్చింది, అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా దాదాపు రెండు గంటలు ముందే దిగారు. గాలి వెనకనుంచి తోస్తే అంతే మరి. 2019 ఆగస్టు 15న ఉత్తర ధ్రువం మీది దారి పట్టారు, 2021 జనవరిలో జోయా అగర్వాల్ కెప్టెన్‌గా కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే ఉండి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి దాదాపు 14,000 కిలోమీటర్లు 17 గంటల్లో ఆగకుండా తెచ్చారు. అదే నెలలో హైదరాబాద్-చికాగో నాన్‌స్టాప్ కూడా మొదలైంది.

గాలి సంగతి తేలాక గొడవలు మొదలయ్యాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా ఆకాశం అమెరికా కంపెనీలకి మూసేశారు, అమెరికా కంపెనీ యునైటెడ్ వాళ్లు ప్రకటించిన శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు ఫ్లైట్ మొదలవ్వనేలేదు, ఎయిర్ ఇండియాకి మాత్రం ఆ దారి తెరిచే ఉంది (2023 జూన్‌లో ఇంజిన్ ట్రబుల్ వచ్చి వాళ్ల విమానం రష్యాలోని మగదాన్‌లో దిగితే 216 మంది ప్యాసింజర్లు స్కూల్ హాస్టళ్లలో పడుకోవాల్సొచ్చింది, అది వేరే కథ). 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకి మూసేసరికి పడమర దారికీ తాళం పడింది, అమెరికా ఫ్లైట్లు చుట్టూ తిరిగి మధ్యలో వియన్నాలాంటి చోట దిగి ఆయిల్ పోయించుకోవాల్సి వచ్చింది. విమానాల కొరత కూడా తోడై సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసే ఆపేశారు.