చేలో దిగే కాలు, పరుగు తీసే కాలు

కోనసీమలో కొబ్బరి దింపుతూ చెట్టు మీది నుంచి పడినా, ఏటిగట్టు మీద బండి బోల్తాపడినా, నూర్పిడి యంత్రంలో చిక్కుకున్నా, కాలు పోయిన మనిషికి ముందుగా కావలసింది తిరిగి వరిచేలోకి దిగగలిగే కాలు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు సరిగ్గా ఆ అవసరాన్ని గుర్తించింది. విదేశీ నమూనా పాదాలు బూటు లోపల ఇమిడేందుకు తయారైనవి కాగా, ఈ రబ్బరు పాదంతో చెప్పుల్లేకుండా బురదలో నడవవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు. డెల్టా జీవనానికి ఇంతకంటే దగ్గరి వస్తువు మరొకటి లేదు.

అయితే అది నడక కోసం పుట్టిన కాలు. అడుగు పడినప్పుడు వంగి, ఆ శక్తిని మళ్లీ ముందుకు తోసే కార్బన్ ఫైబర్ పాదాన్ని, 21 ఏళ్ల వయసులో తన కాలు పోగొట్టుకున్న అమెరికన్ వాన్ ఫిలిప్స్ 1980లలో తయారుచేశాడు. పరుగుకు వాడే, 'బ్లేడు' అని పిలిచే వంపు తిరిగిన కృత్రిమ పాదం అందులోంచి వచ్చినదే. దాని ధర మాత్రం కౌలు రైతు కుటుంబానికి నేటికీ అందదు.

పోటీల తలుపు కూడా ఆలస్యంగానే తెరుచుకుంది. 1948లో ఇంగ్లండులో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ ప్రారంభించిన, వికలాంగుల ఒలింపిక్స్ అయిన పారాలింపిక్స్‌కు మూలమైన క్రీడలు వెన్నుపాము దెబ్బతిన్నవారి కోసం. అవయవం కోల్పోయినవారికి పారాలింపిక్స్‌లో చోటు 1976లో, టొరంటోలో దక్కింది.

చోటు దక్కినా అది నిలుస్తుందన్న హామీ లేదు. ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కి కరెంటు తీగ తగిలి ఎడమ చేయి కోల్పోయిన రాజస్థాన్ కుర్రాడు దేవేంద్ర ఝఝారియా, 2004 ఏథెన్స్‌లో ఈటెను 62.15 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. తర్వాతి రెండు పారాలింపిక్స్‌లో చేతి లోపం ఉన్నవారు పోటీపడే అతని ఎఫ్46 విభాగపు ఈటె పోటీయే లేదు. అయినా ఆట వదలకుండా, పన్నెండేళ్ల తర్వాత 2016 రియోలో 63.97 మీటర్లు విసిరాడు. పట్టుదల అన్న మాటను నేను ఇంత కచ్చితంగా వాడగలిగే సందర్భాలు తక్కువ.

2015లో మోటారు సైకిల్ ప్రమాదంలో కాలు పోయిన సుమిత్ అంతిల్ టోక్యోలో, పారిస్‌లో ఈటె స్వర్ణాలు గెలిచింది కృత్రిమ కాలితోనే. ఇక్కడి ఉక్కపోతలో ఆ కాలితో సాధన చేయడమంటే, మిగిలిన కాలిని పట్టి ఉంచే తొడుగు (సాకెట్) చెమటకు జారి, ఒరిపిడికి కాలి మోడు పుండై, అది మానేదాకా రోజుల తరబడి మైదానానికి దూరం కావడం. వికలాంగుల హక్కుల చట్టం, 2016, 30వ సెక్షన్‌లో క్రీడా సదుపాయాల బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. రాజమహేంద్రవరంలోనో, అమలాపురంలోనో మైదానం ఉంటే చాలదు. సాకెట్‌ను అదే వారంలో సరిచేసే నిపుణుడు కూడా దాని పక్కనే ఉండాలి.