ఇండోనేషియాలో మత చదువులు, తీవ్రవాదం: కొన్ని అపోహలు - వాస్తవాలు

మత విద్య పాలసీ మీద పనిచేస్తాను, అందులోనూ ఎక్కువగా ఇండోనేషియా గురించి. అందుకే ఎవరు కలిసినా ముందు ఇవే అడుగుతారు.

అపోహ: మదర్సాలు మూసేస్తే టెర్రరిజం పీడ విరగడవుతుంది.

వాస్తవం: అక్కడ మదర్సా అంటే దాదాపు మామూలు స్కూలే. 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఉత్తర్వు ఇచ్చారు, 70 శాతం మామూలు సబ్జెక్టులు 30 శాతం మతం అని, ఆ సర్టిఫికెట్‌కి ప్రభుత్వ స్కూలు సర్టిఫికెట్‌తో సమాన విలువ అని. అంటే మదర్సాలో చదివిన అమ్మాయి ఇంజనీరింగ్‌కీ పోవచ్చు. మూసేస్తే పోయేది ఆ దారే.

అపోహ: బాలి బాంబులు పెట్టింది పెసంత్రెన్‌లో చదివినోళ్లే కదా!

వాస్తవం: పెసంత్రెన్ అంటే అక్కడే ఉండి కియాయి అనే గురువు దగ్గర చదువుకునే చోటు. 2002లో 202 మంది చనిపోయిన ఆ దాడి వెనక జెమా ఇస్లామియా అనే తీవ్రవాద సంస్థ ఉంది, దాని నాయకుడు బషీర్ ఇంకొకాయనతో కలిసి సోలో అనే ఊరి దగ్గర న్గ్రుకిలో 1972లో ఒక పెసంత్రెన్ పెట్టాడు, దోషుల్లో ముఖ్లాస్ అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పాడు, ఇది నిజం, దాచాల్సిన పని లేదు. కానీ వేల పెసంత్రెన్‌లలో అది ఒకటి. పైగా ఆ ముఠాకి బాంబులు చేసిపెట్టిన అజహరి హుస్సేన్ బ్రిటన్‌లో పీహెచ్‌డీ చేసిన మలేషియా యూనివర్సిటీ లెక్చరర్.

అపోహ: పాత అరబిక్ కితాబులు చదివితే మొండితనం వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. సోరోగాన్ అని ఒక పద్ధతి ఉంది, పిల్లాడు ఒక్కడే కితాబు పట్టుకుని కియాయి ముందు కూర్చుని పైకి చదువుతాడు, ఒక్క అచ్చు అక్షరం తప్పుగా పలికినా ఆపి దిద్దుతారు, అర్థం చెప్పమంటారు. ఆ ఫిఖ్, అంటే ఇస్లాం ధర్మశాస్త్రం, పుస్తకాల్లో ఒకే విషయం మీద ఈ పండితుడు ఇలా అన్నాడు ఆ పండితుడు అలా అన్నాడు అని పక్కపక్కనే ఉంటుంది. ఏళ్ల తరబడి అది చదివినోడికి, ఒక్క వీడియో చూపించి "ఇదొక్కటే ఇస్లాం" అంటే అంత తేలిగ్గా నమ్మడు. మతం సగం సగం తెలిసినోణ్ణి లాగడమే తీవ్రవాదులకి సులువు.

అపోహ: స్కూళ్ల మీద నిఘా పెడితే సరిపోతుంది.

వాస్తవం: 2018 మేలో సురబయలో ఒకే కుటుంబం, అమ్మానాన్న నలుగురు పిల్లలు, ఒక్క పొద్దున మూడు చర్చిల మీద దాడి చేశారు. ఆ విషం ఎక్కింది ఇళ్లల్లో తలుపులేసుకుని పెట్టుకున్న మీటింగుల్లో, అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ వెళ్లడు.

అపోహ: సిలబస్ మారిస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: 2024 జూన్ 30న బోగోర్‌లో జెమా ఇస్లామియా పెద్దలే సంస్థని రద్దు చేస్తున్నామని ప్రకటించి, తమ పెసంత్రెన్‌ల పాఠాల్లోంచి తీవ్రవాదం తీసేస్తామని మాటిచ్చారు. మంచిదే. కానీ పుస్తకం మార్చినా చెప్పే ఉస్తాద్ పాతోడే అయితే లాభం లేదు. ఆ ఉస్తాద్‌లని 1912 నుంచి ఉన్న ముహమ్మదియా, 1926 నుంచి ఉన్న నహ్‌దతుల్ ఉలమా అనే పెద్ద ముస్లిం సంస్థల పండితులతో కూర్చోబెట్టాలి, వాళ్లు చెప్తే వినే అవకాశం ఉంది, యూనిఫాం వేసుకున్న ఆఫీసర్ చెప్తే లేదు.